ఏ నెత్తురని చెప్పను

గర్భసంచి తీయించుకోవడానికి నేను సంతోషంగా ఒప్పుకున్నాను. నెత్తురు పోతున్నది దాని వల్ల కాదని ఇంట్లో, ఆసుపత్రిలో, మా బస్తీ మొత్తంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా తీసేయమన్నాను. నెత్తురు ఎక్కడి నుంచి పోతోందో నోరు తెరిచి చెప్పడం కంటే కడుపు కోయించుకోవడమే నయమనిపించింది. ఇది రాయడానికి కూర్చుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మాది యాకుత్‌పురా స్టేషన్ వెనక ఒక గల్లీ. నేను జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను, పికో చేస్తాను. మా ఆయన కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఫిట్టరు. ఇంట్లో మేమిద్దరం, మా పాప, మా అత్తమ్మ. రెండు గదుల పోర్షన్. పక్క పోర్షన్‌లో ఒక ముస్లిం కుటుంబం. వాళ్ళకూ మాకూ కలిపి వాకిట్లో ఒకటే లెట్రిన్, దానికి రేకు తలుపు.

మొదట్లో మామూలు విరేచనాలే అనుకున్నాను. వానాకాలం నల్లా నీళ్ళకు బస్తీలో సగం మందికి అవుతాయి. వాళ్ళందరికీ తగ్గాయి, నాకు తగ్గలేదు. ముందు జిగట వచ్చింది, తర్వాత నెత్తురు వచ్చింది. చాయ్ పొయ్యి మీద పెడితే అది పొంగేలోపు పరుగెత్తాల్సి వచ్చేది. నేను లోపలుండగానే పక్కింటి ఖాలా రేకు తలుపు దబదబా కొట్టేది. "అందర్ కౌన్ హై బా? జల్దీ నిక్లో, బచ్చోంకు స్కూల్ కా టైం హోరా!" ఆమెనేమీ అనడానికి లేదు, పిల్లలకు బడి వేళ అది. నేను చెంబుల కొద్దీ నీళ్ళు గుమ్మరించి, ఎర్ర మరక ఎక్కడా మిగల్లేదని వంగి వంగి చూసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని బయటకొచ్చి ఆమెను చూసి నవ్వేదాన్ని.

నేను పది గల్లీల ఆడవాళ్ళ ఒంటి కొలతలు తీసుకునేదాన్ని. ఎవరికి చంక కింద గడ్డ ఉందో, ఎవరికి ఒక భుజం దిగి ఉందో, ఎవరి వీపు మీద కొత్తగా వాత తేలిందో నాకు తెలుసు. ఒకరి సంగతి ఒకరి దగ్గర ఎత్తను. అందుకే నా దగ్గరికి వస్తారు. అట్లాంటిదాన్ని, నా సంగతి చెప్పుకోవడానికి నాకు మనిషి దొరకలేదని చాలా కాలం అనుకున్నాను. మనుషులకేం, ఇంటినిండా ఉన్నారు. నాకే నోరు రాలేదు.

ఒక రోజు నేను ఉతికి ఆరేసిన లంగా మీద సరిగ్గా పోని మరక అత్తమ్మ కంటపడింది. "మల్ల బయటున్నవా? మొన్ననే గదనే తల మీద నీళ్ళు వోస్కుంటివి?" అని అడిగింది. ఆమె ముఖంలో అనుమానమేమీ లేదు, కంగారు ఉంది. నేను "ఔ అత్తమ్మా" అన్నాను. అంతే. అంత తేలిగ్గా వచ్చిన అబద్ధం నా జన్మలో ఇంకొకటి లేదు.

బయటుండడమంటే మా ఇంట్లో మామూలు సంగతి కాదు. నెలసరి రోజుల్లో గడప పక్కన చాప, వేరే కంచం, వేరే గ్లాసు. పొయ్యి ముట్టకూడదు, నీళ్ళ బిందె ముట్టకూడదు, దేవుని గూడు వైపు చూడకూడదు. పాప పరుగెత్తుకొచ్చి నా మీద పడితే దానికి గౌను మార్చి, పసుపునీళ్ళు చల్లి, అప్పుడు లోపలికి రానిచ్చేది అత్తమ్మ. కుట్టు మిషన్ ఒక్కటి ముట్టవచ్చు. మిషన్‌కు మైల అంటదని ఆమె ఎప్పుడో తీర్మానం చేసేసింది, లేకపోతే పెళ్ళిళ్ళ రోజుల్లో గిరాకీ ఏమైపోవాలి. ఆ మినహాయింపు గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇదివరకు ఆ చాపంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు అదే నాకు వరమైంది. గడప పక్కన పడుకుంటే ఎవరినీ దాటకుండా వాకిట్లోకి పోవచ్చు. ఎన్నిసార్లు లేచినా అడిగేవాళ్ళు లేరు. ఎన్ని గుడ్డలు ఉతికినా అడిగేవాళ్ళు లేరు. మా ఆయన అయితే అటు వైపు చూడను కూడా చూడడు. నెత్తురు పడ్డప్పుడల్లా బయటున్నానని చెప్పడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు నెలలో లోపలుండే రోజులకంటే బయటుండే రోజులే ఎక్కువయ్యాయి.

ఆ రోజుల్లో పనంతా అత్తమ్మ మీద పడింది. ఆమెకు మోకాళ్ళు వంగవు. గోడ పట్టుకుని లేచేది, గోడ పట్టుకుని కూర్చునేది. వంట చేసి, బిందెలు మోసి, పాపకు జడలు వేసి, నా కంచంలో తగలకుండా పై నుంచి అన్నం వేసేది. ఒంటికి నెత్తురు పట్టాలని మేక కార్జం తెప్పించి, కారం దట్టించి వండేది. "తిను బిడ్డా, గింత నెత్తురు వోతే మనిషేం గావాలె" అనేది. ఆ కారానికి లోపల నాకు నిప్పులు పోసినట్టుండేది. అయినా తినేదాన్ని. ఆమె చూస్తూ కూర్చునేది మరి.

తగ్గకపోయేసరికి ఆమే నన్ను లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ డాక్టరు అడిగినవాటికి నేను నోటికొచ్చినట్టు చెప్పాను. జాకెట్ కొలతలిచ్చేటప్పుడు ఆడవాళ్ళు చెప్పుకునే బాధలన్నీ నావిగా ఒప్పజెప్పాను. ముక్కలు ముక్కలుగా పోతుందన్నాను, నడుము విరిగిపోతుందన్నాను. స్కానింగులో చిన్న గడ్డ కనపడింది. ఆమె గోలీలు రాసింది. నెత్తురు ఇంకో దారిన పోతుంటే ఆ గోలీలు ఏం చేస్తాయి? నా ముఖం పాలిపోయింది, మిషన్ తొక్కితే ఆయాసం వచ్చేది. చివరికి డాక్టరమ్మ గర్భసంచి తీసేయడమే మంచిదంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు, నేను చెప్పిన జబ్బుకు అదే మందు.

నాకు రెండో కాన్పు కావాలని లోపల ఉండేది. పాప బడికి పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ కోరిక ఇంకా ఎక్కువైంది. అత్తమ్మకు మనుమడు కావాలని ఉందని గల్లీ అందరికీ తెలుసు. డాక్టరమ్మ ఆ మాట అన్న రోజు ఇంటికొచ్చి ఆమె నా పక్కన కూర్చుంది. తర్వాత అంది, "మనుమడు లేకుంటె మాయె. నువ్వుండాలె ముందు." మా ఆయన "అమ్మా, నువ్వెట్ల అంటె గట్లనే" అని బండి తీసుకుని డ్యూటీకి పోయాడు. నేను సరేనన్నాను. తీసేశాక కూడా నెత్తురు ఆగకపోతే ఏం చెప్తానన్నది నా బుర్రకు తట్టనే లేదు.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ఆసుపత్రిలో చేరాను. చిన్న ఆసుపత్రి, నర్సులు తక్కువ, ఉన్నవాళ్ళే అన్ని చోట్లా పనిచేస్తారు. నా దగ్గరికి వచ్చిన సిస్టర్ బార్కస్‌లో ఉండే ముస్లిం మనిషి. నలభై దాటి ఉంటాయి, తలకు స్కార్ఫ్ బిగించి చుట్టుకుంది. వస్తూనే తెర లాగింది.

"కడుపు సాఫ్ జెయ్యాలె, ఎనిమా ఇస్త. ఎడమ దిక్కు తిరిగి పండు."

నేను గబుక్కున లేచి కూర్చున్నాను. "వద్దు సిస్టర్, నాకు పొద్దుగాలనే సాఫ్ అయింది" అన్నాను.

"అందరు గదే అంటరు" అంది ఆమె, గ్లవ్స్ తొడుక్కుంటూ.

పక్కనే ఉన్న లెట్రిన్‌కు పోతుంటే వెనక నుంచి, "నేను చూడకుండ నీళ్ళు వొయ్యకు" అంది. నేను పోయడానికే బకెట్ మీద చెయ్యేశాను. తలుపు సందులో ఆమె చెప్పు కనపడింది. కాలు అడ్డం పెట్టి నిలబడింది. లోపలికొచ్చి వంగి చూసింది. ముక్కు మూసుకోలేదు. ముఖం చిట్లించలేదు. కొంచెం ఎక్కువసేపు చూసింది, అంతే.

"ఎన్ని రోజుల సంది ఇట్ల?"

"బయటున్న సిస్టర్... అందుకే..."

"అమ్మా, నేను గిప్పుడే నీకు ఎనిమా పెట్టిన గదా. ముంగట సాఫ్ ఉన్నది. ఇది ఎనక నుంచి వచ్చింది. నాకు జెప్తున్నవా?"

అదే ఆసుపత్రికి వారంలో రెండు రోజులు పేగుల డాక్టరు వచ్చేవాడట. ఆ రోజుల్లో ఈ సిస్టరే ఆయన గదిలో పనిచేసేదట. అవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఆమె నన్ను మంచం మీద కూర్చోబెట్టి, వంకాయలు కిలో ఎంత అన్నంత మామూలుగా అడగడం మొదలుపెట్టింది. రోజుకు ఎన్నిసార్లు, నీళ్ళలాగానా, జిగట ఉందా, పోయినా ఇంకా పోవాలనే అనిపిస్తుందా, నిద్రలో లేపుతుందా. ఒక్కోదానికి తలూపుతూ పోయాను. "ఎప్పుడన్న అందక బట్టల్ల అయితదా?" అని అడిగింది. దానికి తలూపలేకపోయాను. ఏడ్చాను. వెక్కిళ్ళు పెట్టి, ముక్కు కారేటట్టు ఏడ్చాను.

ఆమె ఓదార్చలేదు. నేను ఆపేదాకా నిలబడి, తర్వాత కోపంగా అడిగింది.

"గైనిక్ మేడంకు ఈ మాట జెప్పినవా?"

"లేదు."

"రేపు పొద్దుగాల నీ సంచి తీసేస్తరు. తీసినంక గూడ నెత్తురు వోతది. అప్పుడు ఇంగేం తీపిచ్చుకుంటవు?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. ఆపరేషన్ చేయనిమ్మని కూడా అన్నాను, దేవుడు క్షమించాలి. ఆమె నా చెయ్యి విడిపించుకోలేదు. "మేడంకు నేను జెప్పక తప్పది. నీ ఒళ్ళు కోసే మనిషికి తెల్వాలె. మీ ఇంటోళ్ళకు జెప్పుడు మాత్రం నీ పని. వాళ్ళొచ్చి నన్ను అడిగినా నేను జెప్ప. నువ్వే జెప్పాలె" అంది.

బయట బెంచీ మీద అత్తమ్మ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సిస్టర్ మేడంకు చెప్పి వచ్చాక, ఆపరేషన్ ఆగిందని అత్తమ్మకు చెప్పాను. "నెత్తురు తక్కువున్నదట అత్తమ్మా, ఇప్పుడు జెయ్యరట." అది సగం నిజం. ఆమె రెండు చేతులూ జోడించి పైకి చూసింది. "మంచిగయింది. ఆ తల్లి దయ" అంది. నేను చాయ్ పోసుకుని ఆమె పక్కనే కూర్చుని తాగాను.

తర్వాత కెమెరా పెట్టి పరీక్ష చేశారు. జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. డాక్టరు చెప్పింది నాకు సగమే బుర్రకెక్కింది. మిగతాది డాక్టరు గది బయట నిలబెట్టి సిస్టర్ చెప్పింది. పెద్దపేగు లోపలి పొర పుండు పడింది. ఎందుకొస్తుందో ఇదీ అని ఎవరూ సరిగా చెప్పలేరు. నేను తిన్నదాని వల్ల రాలేదు, ఎవరికీ అంటదు. పూర్తిగా పోతుందని ఆశపెట్టుకోవద్దు, కానీ మందులు వాడితే అదుపులో ఉంటుంది. అదుపులో ఉన్నన్నాళ్ళు పిల్లల్ని కూడా కనొచ్చు, కాకపోతే డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ మాట ఆమె తనంతట తానే చెప్పింది. నేను అడగలేదు. ఇంకోసారి ఏడుపొచ్చింది గానీ ఈసారి ఆపుకున్నాను.

మందుల్లో గోలీలున్నాయి, రోజూ పడుకునే ముందు వెనక నుంచి ఎక్కించుకునే మందు ఎనిమా ఉంది. దాన్ని ఎట్లా వాడాలో ఆమె ఖాళీ సీసాతో చూపించింది. ఎడమ పక్కకు తిరిగి, కుడి మోకాలు మడిచి, నెమ్మదిగా పిండాలి. తర్వాత అట్లాగే కదలకుండా పడుకోవాలి. "స్టీరాయిడ్ గోలీలు మాత్రం నీ అంతట నువ్వు బంద్ జెయ్యకు. మొఖం ఉబ్బితె ఉబ్బనియ్యి. ఏమన్న ఫికర్ ఉంటే ఈ నంబర్‌కు ఫోన్ జెయ్యి" అంది. ముఖం నిజంగానే ఉబ్బింది. గిరాకీకి వచ్చినవాళ్ళు "మంచిగ ఒళ్ళొచ్చిందమ్మా" అని మెచ్చుకున్నారు.

పేగులో పుండు ఉందట, దాని వల్ల ఒంట్లో నెత్తురు పట్టడం లేదట అని ఇంట్లో చెప్పాను. ఎక్కడి నుంచి పోతుందో చెప్పలేదు. బయటుండడమనే అబద్ధం అట్లాగే నడిచింది. నడవక తప్పలేదు, ఎందుకంటే మందు ఎనిమా పెట్టుకోవడానికి నాకు చోటు కావాలి. లోపలి గదిలో నాకు ఒక పక్క పాప, ఇంకో పక్క అత్తమ్మ పడుకుంటారు. అందరూ పడుకున్నాక గడప పక్క చాప మీద ఒంటరిగా ఉంటేనే అది కుదురుతుంది. అంటే బయటున్నానని చెప్పిన రోజుల్లోనే నేను మందు వాడాను. లోపలున్న రోజుల్లో సీసాలు ఫాల్ గుడ్డల సంచీ అడుగున పడి ఉండేవి. తగ్గుతుంది, తగ్గగానే లోపలికి వస్తాను, మందు ఆగుతుంది, మళ్ళీ నెత్తురు పడుతుంది. ఇంత తెలివితక్కువ వైద్యం ఎవరైనా చేసుకుంటారా అంటే, నేను చేసుకున్నాను.

ప్రతిసారీ సిస్టర్ నా కనురెప్ప కిందికి లాగి చూసేది, బరువు చూసేది, "ఇంట్ల జెప్పినవా?" అని అడిగేది. చెప్పాననేదాన్ని. ఆమెకు కూడా అబద్ధమే. ఒకసారి కొత్త సీసాలు రాయిద్దామని డాక్టరు కలం తీస్తే నేను అలవాటు కొద్దీ, ఇంట్లో ఇంకా ఉన్నాయి సార్ అన్నాను. సిస్టర్ నా వైపు తిరిగింది. గది బయటికి తీసుకొచ్చి అడిగింది.

"అయిపోవాల్సినయి ఎట్ల మిగిలినయి?"

చెప్పాను. చాప సంగతి, బయటుండే సంగతి మొత్తం చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. తిడుతుందనుకున్నాను. "మా ఇంట్ల గూడ ఈ లొల్లులుంటయి. రంజాన్ల ఆ రోజులొస్తె మాకు ఉపాసం ఉండదు, అది మొగోళ్ళకు తెల్వొద్దని దాస్కొని తింటం" అంది. తర్వాత అంది, "వచ్చేసారి మీ అత్తమ్మను తోల్కరా. నేనేం జెప్ప. నువ్వే జెప్పాలె. నేను పక్కన కూసుంట."

"బోనాలు అయినంక తోల్కొస్త" అన్నాను.

బోనాలంటే నాకు వేరే భయం ఉంది. నా నెత్తురు ఆగాలని అత్తమ్మ నా పేరు మీద అమ్మవారికి బోనం మొక్కుకుంది. ఆషాఢంలో ఆ నైవేద్యం కుండను నేనే తలకెత్తుకోవాలి. ఎత్తుకోవాలంటే బయటుండకూడదు. అందుకని పండుగకు చాలా ముందు నుంచే నేను తలస్నానం చేసి లోపలికొచ్చేశాను. లోపలున్నాను కనుక మందు పెట్టుకోలేదు. ఏమవుతుందో నాకు తెలియకపోలేదు. అమ్మవారి మీద భారం వేశానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి అంతా ఆ సిగ్గు మీదే వదిలేశాను.

బోనాల ఆదివారం పొద్దున మా ఆయన గుడి దగ్గర వరస కోసం ముందే వెళ్ళాడు. పాప పక్కింట్లో ఆడుకుంటోంది. అత్తమ్మ ఉపవాసం. కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టింది. నేను పసుపు చీర కట్టుకున్నాను. కట్టుకున్నాక లెట్రిన్‌కు పరుగెత్తాల్సి వచ్చింది, మళ్ళీ పరుగెత్తాల్సి వచ్చింది. చివరిసారి తిరిగొస్తుంటే కళ్ళకు చీకట్లు కమ్మి గడప పట్టుకుని కూలబడ్డాను. చీర వెనక ఎర్రగా అయింది.

అత్తమ్మ బోనం చేతుల్లో పట్టుకుని చూసింది. "ఇయ్యాల్నే గావాల్నా?" అంది, ఏడుపు గొంతుతో. బోనం కింద పెట్టి, దేవుని గూడు ముందు మోకాళ్ళ మీద పడింది. వంగని ఆ మోకాళ్ళ మీదే. చెంపలు వాయించుకోవడం మొదలుపెట్టింది. "నేనేం తప్పు జేసిన తల్లీ? ఎవ్వల మొక్కు మరిసిన? నా కోడలును ఎందుకు సతాయిస్తున్నవు? నన్ను తీస్కపోరాదూ!" టపటపా ఆ చప్పుడు గదంతా వినపడింది.

ఆ చప్పుడు నేను భరించలేకపోయాను.

"అత్తమ్మా, కొట్టుకోకు. ఇది ఆ నెత్తురు గాదు."

ఆమె చెయ్యి ఆగింది. "మరేం నెత్తురు?"

"దొడ్డికి పోయే కాడి నుంచి వస్తది. మొదటి సంది గదే. నేను చానా సార్లు బయట లేను అత్తమ్మా. నీకు అబద్ధం జెప్పిన."

ఆమె నన్ను చూసింది, గడప వైపు చూసింది. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చాలా మెల్లగా అంది, "గంత వానల గూడ నిన్ను గా గడప కాడ పండవెడితి గదనే. పోరి అమ్మా అని ఏడ్సినా నీ దిక్కు రానియ్యకపోతి."

నా అబద్ధం అంతవరకు నా ఒంటినే పాడు చేస్తోందనుకున్నాను. జబ్బు మనిషిని వాన చలిలో నేల మీద పడుకోబెట్టిన పాపం ఆమె నెత్తిన వేస్తోందని నాకు ఎన్నడూ తోచలేదు. నాకు తెలిసిన సిగ్గులన్నీ ఆ క్షణం ముందు చిన్నవైపోయాయి.

సిస్టర్ ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేశాను. అదృష్టం కొద్దీ ఆ రోజు ఆమెకు వార్డులో డ్యూటీ. జ్వరం ఉందా, కడుపు ఉబ్బిందా, కళ్ళు తిరుగుతున్నాయా అని వరసగా అడిగి, "ఎమ్మటే రా. తోల్కొచ్చేటోళ్ళు ఉన్నరా?" అంది.

"అత్తమ్మ తోల్కొస్తది."

"జెప్పినవా?"

"జెప్పిన."

"ఈసారి నిజంగనా?"

నిజంగానే అన్నాను. ఇదివరకు చెప్పిన అబద్ధాలన్నీ ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది.

ఆటో దొరికింది గానీ ఊరేగింపు కోసం పోలీసులు దారికి అడ్డంగా బారికేడ్లు పెట్టారు. చుట్టూ జనం, డప్పులు, మైకులు. ఒక కానిస్టేబుల్ ఆటోను వెనక్కి తిప్పమన్నాడు. మా అత్తమ్మ ఆటోలోంచి సగం బయటికి వంగి, డప్పుల చప్పుడు మీదుగా కేకపెట్టింది. "జరుగు బాపూ! నా కోడలుకు ఎనక నుంచి నెత్తురు వోతున్నది, దవాఖానకు పోవాలె!" వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు, మగవాళ్ళు తిరిగి నన్ను చూశారు. వాళ్ళలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు కూడా ఉన్నారు. నేను ఆ ఆటో సీట్లోనే మాయమైపోతే బాగుండుననిపించింది. కానిస్టేబుల్ మాత్రం బారికేడ్ జరిపి, ఇంకో ఇద్దరిని పక్కకు తోసి దారిచ్చాడు.

ఆసుపత్రిలో చేర్చుకుని సూదులు, సెలైన్ పెట్టారు. ఆ రోజు మా బోనం ఎవరూ ఎత్తుకోలేదు. దాని గురించి అత్తమ్మ అప్పుడూ అనలేదు, ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. నెత్తురు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం సిస్టర్ మందు ఎనిమా సీసా తెచ్చి, ఈసారి నాకు కాకుండా అత్తమ్మకు ఇచ్చింది.

"పెద్దమ్మా, ఇంటికి పోయినంక రోజూ పెట్టాలె. నీరసమున్నన్ని రోజులు ఆమెకు చేతులు అందవు. నువ్వు నేర్చుకో."

అత్తమ్మ రెండు చేతులూ చీరకు తుడుచుకుంది. "నేను ముట్టొచ్చా సిస్టర్?" అని అడిగింది.

"ముట్టాలె. భయపడకు. నడుం కింద ఒక చెయ్యి వెట్టు, మోకాలు ముంగటికి మడువు, నెమ్మదిగ పిండు."

నేను ఎడమ పక్కకు తిరిగి గోడకు ముఖం పెట్టుకున్నాను. నా అత్తగారి ముందు అట్లా పడుకోవలసి వస్తుందని ఎవరైనా అంతకుముందు చెప్పి ఉంటే, ఆపరేషన్‌కు ఇంకోసారి ఒప్పుకునేదాన్నేమో. ఆమె సిస్టర్ చెప్పినట్టే నడుం కింద ఒక చెయ్యి పెట్టి, సీసా నెమ్మదిగా పిండింది. "నొస్తున్నదా బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. సిస్టర్ తెర లాగేసి వెళ్ళిపోయింది. నేను కదలకుండా పడుకోవాలి కనుక ఆమె అట్లాగే నా నడుం మీద చెయ్యి వేసి కూర్చుంది.

కాసేపటికి అంది, "నా చేతులతోని నీ సంచి తీపిచ్చేదాన్ని గదనే."

దుప్పటి నా నడుం మీదికి లాగి ఆమే మళ్ళీ అడిగింది.

"నిజం జెప్తె నేనేమంటననుకున్నవు?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం వెతికాను. చీదరించుకుంటుందనుకున్నానా? తిడుతుందనుకున్నానా, పుట్టింటికి పంపిస్తుందనుకున్నానా? ఈ కాలమంతా దేనికి భయపడ్డానో ఆమె నోట్లో ఆ మాట పెట్టి చూశాను, ఒక్కటీ ఆమె అనే మాటలాగా లేదు. ఆమె ఏమంటుందని నేను ఎన్నడూ ఆలోచించనే లేదు.

"తెల్వది అత్తమ్మా" అన్నాను, గోడ వైపు చూస్తూనే.